బస్సు దిగమన్నది మమ్మల్నే

రాత్రి రెండు దాటింది. బెంగుళూరు నుంచి హైదరాబాద్ వస్తున్న ప్రైవేటు బస్సు దారిలో ఆగింది. లైట్లు వెలిగాయి. టార్చిలైట్లు పట్టుకుని ఇద్దరు ఎక్కారు. ముందు సీట్ల నుంచి వరసగా అడుగుతారేమో అనుకున్నాం. అడగలేదు. టార్చి వెలుగు ఒక్కో మొహం మీద పడి జారిపోయింది. కంప్యూటరు బ్యాగు తలకింద పెట్టుకున్న కుర్రాళ్లను దాటింది. తిరుపతి గుండ్లతో నిద్రపోతున్న కుటుంబాన్ని దాటింది. మా గడ్డం మీదికొచ్చి ఆగింది.

"ఆధార్ దిఖావ్" అన్నారు, హిందీలో. మేం తెలుగులో జవాబిచ్చాం. "తెలుగు బాగనే మాట్లాడ్తున్నవే!" అన్నాడు రెండోవాడు. పుట్టిన్నాటి నుంచి ఈ మెచ్చుకోలు వింటూనే ఉన్నాం. మా నానీమా చేను కలుపు తీస్తూ పాడిన భాష తెలుగు. ఇరవై ఏళ్లుగా మేం కూడు తింటున్న భాష తెలుగు. అయినా మా నోట్లో అది ఎప్పుడూ అరువు తెచ్చుకున్న సొమ్మే!

మా కార్డు చూశారు. అటు తిప్పి ఇటు తిప్పి ఇచ్చేశారు. చివరి సీట్లోకి పోయారు. అక్కడ నలుగురు పిల్లలు. బెంగాల్ ముర్షిదాబాద్ వాళ్లు. హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనికి వస్తున్నారు. ముగ్గురు కార్డులు చూపించారు. నాలుగోవాడి కార్డు మేస్త్రీ దగ్గరుంది. పని మధ్యలో వదిలిపోకుండా కొందరు మేస్త్రీలు కార్డులు దగ్గర పెట్టుకోవడం కూలీలకు కొత్తేం కాదు. వాడు ఆ మాట బెంగాలీ కలిసిన హిందీలో చెప్పాడు. ఆ యాసే వాడి కొంప ముంచింది. "బంగ్లాదేశీనా? దిగు" అన్నారు. వాడు దిగాడు. వాడితోపాటు ఇంకొకడు రెండు సంచులూ పట్టుకుని దిగాడు. అరగంట చూసి డ్రైవరు బస్సు కదిలించాడు.

"చెక్ చేస్తే తప్పేముంది సార్, దేశ భద్రత కదా" అన్నాడు పక్క సీటాయన. "మీ ఆధార్ ఎక్కడుంది?" అని అడిగాం. "ఇంట్లో ఉంది" అన్నాడు. ఎంత నిశ్చింతగా అన్నాడో!

మరి మేమేం చేశాం? మా కార్డు జేబులో పెట్టుకున్నాం. కళ్లు మూసుకున్నాం. నిద్ర పట్టలేదు, కాని కళ్లు మాత్రం మూసుకున్నాం. ఆ పిల్లవాడు ఏమయ్యాడో మాకు తెలీదు. ఈ వ్యాసం ఆ కళ్లు మూసుకున్న సిగ్గుతో రాస్తున్నాం.

ముందు ఒక మాట తేల్చుకుందాం. ఈ దేశంలో బస్సెక్కే పౌరుడు గుర్తింపు కార్డు వెంట పెట్టుకు తిరగాలన్న చట్టం ఏదైనా ఉందా? లేదు. రిజర్వేషన్ రైలుకు అడుగుతారు, విమానానికి అడుగుతారు, లాడ్జిలో గది కావాలంటే అడుగుతారు. కాని రోడ్డు మీద నడిచే మనిషికి, బస్సులో కూచున్న మనిషికి, లారీ మీద పోయే కూలికి అలాంటి బాధ్యత లేదు. దేశమంతటా స్వేచ్ఛగా తిరిగే హక్కు రాజ్యాంగం 19వ అధికరణంలో పౌరులందరికీ ఉంది. మా పక్క సీటాయన ఆ హక్కును హాయిగా అనుభవిస్తున్నాడు. కార్డు ఇంట్లో పెట్టి గురక పెడుతున్నాడు. కార్డు మరిచిపోయే హక్కు మాకే లేదు.

పోనీ, కార్డు ఉంటే సరిపోతుందా? అదీ లేదు. ఆధార్ పౌరసత్వానికి రుజువు కాదని 2016 ఆధార్ చట్టమే రాసిపెట్టింది. ఆధార్, పాన్, వోటరు కార్డు ఉన్నంతమాత్రాన పౌరుడైపోడని 2025 ఆగస్టులో బొంబాయి హైకోర్టు కూడా చెప్పింది. రోడ్డు మీద ఆపి ఆధార్ చూపమంటారు, చూపించాక ఆధార్ పనికిరాదంటారు! అంటే ఆ టార్చిలైటు వెతుకుతున్నది కాగితం కాదు. కాగితం తర్వాత. ముందు గడ్డం, టోపీ, బురఖా, యాస. మొహం మీద తీర్పు రాసేశాక, దానికి మేం అప్పీలు చేసుకోవడానికి కాగితం అడుగుతారు. పక్క సీటాయన దగ్గర కాగితం లేకపోవడం మతిమరుపు. ఆ పిల్లవాడి దగ్గర లేకపోవడం నేరం. కాగితం లేనితనం ఇద్దరిదీ ఒక్కటే. తేడా మొహంలో ఉంది.

ఇది పోలీసుల మోటతనం మాత్రమే అని కొందరు లౌకిక మిత్రులు సర్దిచెబుతారు. మిత్రులారా, చట్టం పుస్తకం తెరవండి. తెల్లదొర పోతూపోతూ 1946లో విదేశీయుల చట్టం చేసి పోయాడు. 'నువ్వు విదేశీయుడివి' అని సర్కారు అంటే చాలు, కాదని రుజువు చేసుకునే భారం ఆ మనిషిదే అని దాని 9వ సెక్షను. హత్య చేశాడన్న వాడి మీద కూడా రుజువు భారం సర్కారుదే. పుట్టిన ఊళ్లో బతుకుతున్నవాడి మీద మాత్రం రుజువు భారం వాడిదే! అస్సాం వరకు 1983లో వేరే చట్టం చేసి ఆ భారాన్ని ఫిర్యాదు చేసినవాళ్ల మీద పెట్టారు. 2005లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. 2025 సెప్టెంబరు 1 నుంచి పాత చట్టాలను తీసేసి వలస, విదేశీయుల కొత్త చట్టం అమల్లోకి తెచ్చారు. తెల్లదొర చట్టం పోయింది, తెల్లదొర పెట్టిన భారం మాత్రం కొత్త చట్టంలో భద్రంగా ఉంది.

అదే రోజుల్లో ఇంకో ఉత్తర్వు వచ్చింది. పాకిస్తాన్, బంగ్లాదేశ్, అఫ్ఘనిస్తాన్ల నుంచి 2024 డిసెంబరు 31 లోపు వచ్చిన హిందువులు, సిక్కులు, బౌద్ధులు, జైనులు, పార్సీలు, క్రైస్తవులకు పాస్‌పోర్టు లేకపోయినా, వీసా గడువు తీరినా మినహాయింపు ఇచ్చారు. పీడనకు భయపడి పారిపోయి వచ్చినవాళ్లను తరమకపోవడం మంచిదే. మేం దాన్ని తప్పు పట్టం. అయితే ఆ మంచితనం ఏడో మతం దగ్గర ఎందుకు ఆగిపోయింది? బర్మాలో ఊళ్లు తగలబడితే పారిపోయి వచ్చిన రోహింగ్యాలది పీడన కాదా? హైదరాబాద్ బాలాపూర్‌లో రేకుల కింద బతుకుతున్నారు. చేతిలో ఐక్యరాజ్యసమితి శరణార్థి కార్డు. దాన్ని మన దేశం లెక్కలోకి తీసుకోదు. శరణార్థుల మీద 1951 ఒప్పందంలో మన దేశం సంతకమే పెట్టలేదు. 2021లో జమ్మూలో రోహింగ్యాలను పట్టుకుని జైల్లో పెడితే, నిర్ణీత పద్ధతి ప్రకారం పంపించేయవచ్చని ఆ ఏడాది ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అంది. ఇక వాళ్లు బాలాపూర్ దాటి బస్సెక్కాలంటే ఎంత గుండె కావాలి! ఆరు మతాలకు లేని కాగితం కనపడదు, ఏడో మతానికి లేని కాగితమే కనపడుతుంది. ఇదీ మన చట్టం కళ్లజోడు.

కాగితాలు సరిగా పెట్టుకోండి, భయపడకండి అని పెద్దమనుషులు సలహా ఇస్తారు. ఎట్లా పెట్టుకోవాలి? మా పేరు ఉర్దూలో ఒక తీరు, తెలుగులో ఒక తీరు, ఇంగ్లీషులో పది తీర్లు. ఉర్దూలో జాల్, జే, జాద్, జోయ్ అని నాలుగక్షరాలున్నాయి. తెలుగులోకి వచ్చేసరికి నాలుగూ ఒక్క 'జ' అవుతాయి. ఆ 'జ'ను ఇంగ్లీషులో ఒక గుమస్తా 'జెడ్' పెట్టి రాస్తాడు, ఇంకో గుమస్తా 'జె' పెట్టి రాస్తాడు. 'షేక్' ఒక్కటే ఎన్ని రకాలుగా రాశారో మా ఇంట్లో కార్డులు పరిచి చూడండి. మా నానీమా రేషన్ కార్డులో జానెబ్బి. వోటరు లిస్టులో జైనాబీ. ఆధార్లో జైనబ్ బేగం. ముగ్గురూ ఒక్క మనిషే! ఆమె పుట్టిన రోజు జనవరి 1. మా తాతదీ జనవరి 1. మా ఖాలాదీ జనవరి 1. మా వాడకట్టులో ముసలివాళ్లంతా ఒక్కరోజే పుట్టినట్టు సర్కారు రాసుకుంది. ఇంటిపేరు గడిలో ఏం రాయాలో తెలీక సైదులు, మస్తాన్, లాలమ్మ, నాగూర్ బీ ఎన్ని అవస్థలు పడ్డారో! మా కాగితాల్లో తప్పులు మేం చేసినవి కావు. మీ గుమస్తాలు చేశారు. శిక్ష మాత్రం మాకు.

ఆ తప్పుల ఖరీదు అస్సాం చెబుతుంది. 2019 ఆగస్టు 31న పౌరుల జాబితా ప్రకటిస్తే 19 లక్షల 6 వేల 657 మంది పేర్లు లేవు. వాళ్లలో ముస్లింలూ ఉన్నారు, హిందువులూ ఉన్నారు. పెళ్లయి వేరే ఊరికి పోయిన ఆడవాళ్లకు ఫలానావాడి కూతురునని చూపించడానికి పంచాయతీ సర్టిఫికెట్టే దిక్కు. అది చెల్లుతుందనిపించుకోవడానికే 2017లో సుప్రీంకోర్టు దాకా పోవాల్సొచ్చింది. మహమ్మద్ సనావుల్లా సుమారు ముప్పై ఏళ్లు సైన్యంలో పనిచేశాడు. 2019 మేలో ఆయన్ను విదేశీయుడని డిటెన్షన్ సెంటర్లో పడేశారు. దేశం కోసం తుపాకి పట్టినవాడికే రుజువు దొరకలేదు, తాపీ పట్టినవాడికి ఎక్కడ దొరుకుతుంది?

అసలు కోర్టులకు ఈ అన్యాయం తెలీదా? తెలుసు. 2024 జూలైలో అస్సాంకు చెందిన రహీం అలీ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగానే చెప్పింది. ఏ ఆధారమూ లేకుండా ఎవర్నో ఒకర్ని పట్టుకుని పౌరసత్వం రుజువు చేసుకో అనకూడదని, పేర్ల అక్షరాల్లో, తేదీల్లో చిన్న చిన్న తేడాలున్నంత మాత్రాన విదేశీయుడు కాడని చెప్పింది. మంచి తీర్పు. అది వచ్చేనాటికి రహీం అలీయే బతికి లేడు.

2025 చూశాం కదా. మేలో కేంద్ర హోంశాఖ అనుమానితుల సంగతి 30 రోజుల్లో తేల్చమని రాష్ట్రాలకు చెప్పింది. జూలైలో మన పొరుగున ఒడిశా ఝార్సుగూడలో నాలుగొందల మందికి పైగా బెంగాలీ మాట్లాడే కూలీలను పట్టుకుపోయారు. చాలామంది బెంగాల్ వాళ్లేనని తేలి వదిలిపెట్టారు. జూన్‌లో ఢిల్లీలో పట్టుకున్న బీర్‌భూమ్ గర్భిణిని భర్తతో, చిన్నపిల్లవాడితో సహా సరిహద్దు అవతలికి నెట్టేశారు. బంగ్లాదేశ్ ఆమెను అక్రమంగా వచ్చిందని జైల్లో పెట్టింది. ఈ దేశం కాదు పొమ్మంది, ఆ దేశం ఎందుకొచ్చావంది! కలకత్తా హైకోర్టు చెప్పి, సుప్రీంకోర్టు కలగజేసుకుని, డిసెంబరులో తల్లినీ పిల్లవాడినీ వెనక్కి తెచ్చారు. మా బస్సులోంచి దిగిన పిల్లవాడి కోసం హైకోర్టుకు ఎవరు పోయారు?

ఇది ఇవాళ మొదలైంది కూడా కాదు. హైదరాబాద్ వాళ్లకు తెలిసిన కథే. 1948 సెప్టెంబరు పోలీస్ యాక్షన్ తర్వాత, తరాలుగా ఇక్కడే ఉంటున్న అరబ్బులను, పఠాన్లను వేలమందిని విదేశీయులని నిర్బంధించారు. ఎంతోమందిని ఓడలెక్కించారు. నిన్నటి దాకా నిజాం పౌజులో ఉన్నవాడు తెల్లారేసరికి పరదేశి అయ్యాడు. మిగిలినవాళ్ల పిల్లలు బార్కస్‌లో ఉన్నారు. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. చచ్చిందీ మేమే, పట్టుకుపోయిందీ మమ్మల్నే. నిర్దోషులని తేలాక 2012లో సర్కారు ఆ పిల్లలకు మంచివాళ్లని సర్టిఫికెట్లిచ్చింది. మంచివాడని కాగితం జేబులో పెట్టుకు తిరిగే పౌరుడు ఇంకే మతంలో ఉన్నాడు? 2021 మేలో లాక్‌డౌన్ వేళ పాతబస్తీలో ఒకాయన్ను పోలీసులు ఆపి, మాస్కు తియ్యమన్నారు. ఆయన తియ్యనంటే వాళ్లే ఫోటో తీసుకున్నారు. ఆయన హైకోర్టుకెక్కాడు. ఇప్పుడు టార్చిలైటు పని కెమెరా చేస్తోంది. మొహమే మా మీద సాక్ష్యం.

తెలంగాణ మిత్రులకు ఒక సంగతి గుర్తు చేస్తాం. 1919 ఫర్మానా ప్రకారం పదిహేనేళ్లు ఇక్కడుంటేనే ముల్కీ. 1952లో నకిలీ ముల్కీ సర్టిఫికెట్ల మీద ఎంత పోరాటం జరిగింది! నకిలీ కాగితాలతో ఉద్యోగాలు పట్టినవాళ్ల మీద కోపం వచ్చింది, న్యాయమైన కోపమే. వాళ్లలో ఒక్కణ్నైనా రాత్రిపూట బస్సు దింపి కృష్ణ అవతల పడేశారా? లేదు. పడేయాలని మేం అనడం లేదు. కాగితం తగాదాను కాగితంతోనే తేల్చుకోవడం మీకు తెలుసు అంటున్నాం. మా విషయంలోనే మరిచిపోతారు.

మా వృత్తి పత్రికలు. ఆ లోపలి సంగతి కూడా చెప్పాలి. 2019లో అమెరికా మిషిగన్‌లో అక్కడి సర్కారు మనుషులే బోగస్ యూనివర్సిటీ పెట్టి, చేరినవాళ్లను పట్టుకున్నారు. 129 మంది భారతీయులు దొరికారు. ఎక్కువమంది మన తెలుగు పిల్లలు. పత్రికలన్నీ ఏడ్చాయి. 'మన పిల్లలు' అని రాశాం. కాలికి ట్రాకింగ్ పట్టీ కట్టారని కన్నీళ్లు కార్చాం. 2025 ఫిబ్రవరి 5న 104 మంది భారతీయులను సంకెళ్లు వేసి సైనిక విమానంలో అమృత్‌సర్‌లో దింపితే పార్లమెంటు అట్టుడికింది. న్యాయంగానే అట్టుడికింది. కాగితం గడువు తీరినంత మాత్రాన మనిషి దొంగ కాడని మనకప్పుడు తెలిసింది. అదే పత్రిక, అదే డెస్కు, బెంగాలీ కూలి గురించి వార్త వస్తే 'చొరబాటుదారులు' అని హెడ్డింగు పెడుతుంది. అమెరికాలో మనవాడికి లేనిది వీసా. ఇక్కడ వాడికి లేనిది దేశభక్తి!

ఆ అమెరికా రోడ్ల మీద తెలుగువాళ్లు ఇవాళ అనుభవిస్తున్నది ఏమిటి? అక్కడ సరిహద్దు నుంచి వంద మైళ్ల లోపల బస్సులెక్కి, రోడ్లమీద ఆపి అడిగే అధికారం సరిహద్దు పోలీసులకుంది. మెక్సికన్ లాగా కనపడ్డాడన్న ఒక్క కారణంతో కారు ఆపకూడదని వాళ్ల సుప్రీంకోర్టు 1975లో చెప్పింది. మరుసటేడే, రోడ్డు మీది శాశ్వత చెక్‌పోస్టుల్లో మాత్రం అనుమానం లేకపోయినా ఆపవచ్చంది. 2020లో గ్రేహౌండ్ బస్సు కంపెనీ, వారంటు లేకుండా మా బస్సుల్లోకి ఎక్కడానికి ఒప్పుకోమని ప్రకటించింది. ఒక బస్సు కంపెనీ ఆ మాట అనగలిగింది! 2025 సెప్టెంబరులో మాత్రం, రంగు, భాష, చేసే పని చూసి లాస్ ఏంజెలిస్‌లో జనాన్ని ఆపొద్దన్న కింది కోర్టు ఆంక్షను వాళ్ల సుప్రీంకోర్టు నిలిపేసింది. డల్లాస్‌లో ఉన్న మీ అబ్బాయి ఇప్పుడు కారు తీస్తే కాగితాలు తడుముకుంటున్నాడు కదా? రాత్రి ఫోన్ చేసి 'జాగ్రత్త నాన్నా' అంటున్నారు కదా? ముర్షిదాబాద్‌లో ఒక తల్లి కూడా ఆ మాటే అంటోంది. మా ఇళ్లలో ఆ మాట ఎప్పట్నించో అంటున్నారు.

ఇక మా వాళ్లకు రెండు మాటలు. పాతబస్తీ పెద్దలారా! 'మేం పాత హైదరాబాదీలం, వాళ్లు బర్మావాళ్లు, వాళ్లు బంగ్లావాళ్లు' అని దూరం జరిగితే మనం బతికిపోతామనుకుంటున్నారా? మన నవాబీ ఉర్దూ వాడి బెంగాలీని వెక్కిరిస్తుంది, దూదేకుల వాడి తెలుగును వెక్కిరించినట్టే. అద్దె గది ఇవ్వడానికి మనమే వెనకాడుతున్నాం. కూలి తక్కువిచ్చి పని చేయించుకోవడానికి మాత్రం వెనకాడం. టార్చి పట్టుకున్నవాడికి మన ముల్కీతనం కనపడదు. వాడికి కనపడేది ఒక్క గడ్డమే. ఆ రాత్రి మేం కార్డు చూపించి సీట్లో మిగిలిపోయాం. వాణ్ని దింపడానికి మా కార్డు కూడా సాక్ష్యం పలికింది: ఇదిగో వీడు మంచి ముస్లిం, కార్డున్న ముస్లిం, వాడు కాదు. ఆ సాక్ష్యం ఇక చెప్పం.

దేశానికి సరిహద్దులు వద్దా అని అడుగుతారు. వద్దని మేం అనలేదు. సరిహద్దు సరిహద్దులో ఉండాలి, బస్సు చివరి సీట్లోకి రాకూడదు. అడిగితే అందర్నీ అడగండి, లేకపోతే ఎవర్నీ అడగొద్దు. ఎవర్నైనా దింపితే కారణం కాగితం మీద రాసివ్వండి. కాగితం మాకేనా, మీకు వద్దా? దింపినవాణ్ని ఇంటికి ఫోన్ చేసుకోనివ్వండి, వకీలును పిలుచుకోనివ్వండి, 24 గంటల్లో మెజిస్ట్రేటు ముందు నిలబెట్టండి. విదేశీయుడని మీరంటే రుజువు మీరే చూపండి. నిజంగానే సరిహద్దు దాటి వచ్చినవాడైనా సరే, వాడు మనిషి. రాజ్యాంగం 21వ అధికరణం ప్రాణమూ స్వేచ్ఛా పౌరుడికని రాయలేదు, వ్యక్తికని రాసింది. చీకట్లో నది ఒడ్డుకు తోసేయడం ఏ సెక్షనూ కాదు.

తప్పు చేయనివాడికి భయమెందుకని అంటారు. తప్పు చేయనివాడే రుజువులు వెతుక్కుంటున్నాడు గనక భయం.

లౌకిక మిత్రులారా, మా మీద కవిత్వం రాశారు, సభల్లో మా పక్కన కూచున్నారు. షుక్రియా. ఇప్పుడు అంతకంటే చిన్న పని అడుగుతున్నాం. రాత్రి బస్సు ఆగుతుంది. లైట్లు వెలుగుతాయి. టార్చి మిమ్మల్ని దాటి మా దగ్గరికొస్తుంది. అప్పుడు నిద్ర నటించకండి. 'నన్నెందుకు అడగలేదు? అతన్నెందుకు అడుగుతున్నారు?' అని లేచి నిలబడండి. ఒకణ్ని దిగమంటే అతనొచ్చేదాకా బస్సు కదలనివ్వకండి. మేమూ ఈసారి కళ్లు మూసుకోం. మేమూ దిగుతాం.